మదింపు రుసుము: ముందు చెప్పవలసిన లెక్క

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలన్నారు. ఆ సామెత పుట్టిన కాలమున ఇల్లు కట్టదలచినవాడు రాయి, సున్నము, కలప, కూలి అను నాలుగింటి లెక్క చూచుకొనిన చాలియుండెను. నేడు ఐదవ లెక్కయొకటి వచ్చి చేరినది. గృహఋణమునకై బ్యాంకు గడప త్రొక్కిన గృహస్థుడు అప్పు చేతికందక మునుపే చెల్లింపవలసిన రుసుముల లెక్క అది. అర్జీ పరిశీలనకొక రుసుము. దస్తావేజులు చూచు వకీలునకొక రుసుము. ఇంటికి విలువకట్టు ఇంజనీరునకొక రుసుము. ఈ మూడింటిలో కడపటిదానిని గూర్చి నేడు విచారింపదలచితిమి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో జనులు దీనిని వాల్యుయేషన్ ఫీజు అందురు. మన రెవిన్యూ పరిభాషలో చెప్పవలెనన్న ఇది మదింపు రుసుము.

మొత్తము చిన్నదే కదా, దీనిని గూర్చి ఇంత చర్చయేల అని మా పాఠకులలో కొందరనవచ్చును. మొత్తము చిన్నదైనను అందలి న్యాయము చిన్నది కాదు. రుసుము చెల్లించువాడు ఋణగ్రహీత. మదింపుదారుని ఎన్నుకొనువాడు ఋణదాత. నివేదిక చేరునది ఋణదాతకే. సొమ్మిచ్చువాడొకడు, పని చెప్పువాడు మరియొకడు, ఫలమనుభవించువాడును ఆ రెండవవాడే. సంతలో ఎద్దును కొనువాడు పండ్లు చూచును, నడక చూచును, బేరమాడును, నచ్చనిచో మరియొక ఎద్దుకడకు పోవును. ఇచ్చట ఋణగ్రహీతకు ఎన్నికయు లేదు, బేరమును లేదు. బేరమునకు తావులేనిచోట ధరను ముందుగా చెప్పుట ఒక్కటియే న్యాయమునకు మిగిలిన ఆధారము. ఆ ఒక్కటియు సరిగా జరుగుటలేదనియే మా ఫిర్యాదు.

మదింపు అనవసరమని మేమనుటలేదు. తాకట్టునకు వచ్చు ఇల్లు ఉన్నదా లేదా, దస్తావేజులోని హద్దులును నేలమీది హద్దులును ఒక్కటియేనా, కట్టడము మంజూరైన ప్లాను ప్రకారమున్నదా, దాని వయస్సెంత, ఆ వీధిలో అటువంటి ఇండ్లు ఏ ధరకు అమ్ముడుపోవుచున్నవి, రిజిస్ట్రేషను శాఖవారి విలువ యెంత, ఇవన్నియు చూడక అప్పిచ్చినచో అది డిపాజిటుదారుల సొమ్మును గాలిలో పెట్టుటయే యగును. పైగా మదింపు ఋణగ్రహీతకును ప్రాణాధారము. రిజర్వుబ్యాంకు నిబంధనల ప్రకారము 30 లక్షల వరకు గల గృహఋణము ఇంటి విలువలో నూటికి 90 పాళ్లు మించరాదు. 30 మొదలు 75 లక్షల వరకు 80 పాళ్లు. ఆ పైన 75 పాళ్లు. కాబట్టి 20 లక్షలని గృహస్థుడు తలచిన ఇంటిని మదింపుదారుడు 17 లక్షలని వ్రాసినచో, అప్పు మితి 18 లక్షలనుండి 15 లక్షల 30 వేలకు దిగిపోవును. ఒక్క కలము పోటుతో 2 లక్షల 70 వేల రూపాయలను ఆ గృహస్థుడు వేరొకచోట వెదకికొనవలెను. ఇంతటి ఫలము గల నివేదికకు తానే మూల్యము చెల్లించి, దాని మూల్యమెట్లు నిర్ణయమైనదో తెలియక, అందేమి వ్రాయబడినదో చూడక యుండుట ఏమి మర్యాద?

ఈ మూడు పట్టణములకు ఈ విషయము ప్రత్యేకముగా వర్తించును. 2016 అక్టోబరు 11వ తేదీన మహబూబ్‌నగరము జిల్లానుండి విడివడి ఇవి జిల్లా కేంద్రములైనవి. కచ్చేరీలు వచ్చినవి, ఉద్యోగులు వచ్చిరి, ఊరి వెలుపలి చేలు ప్లాట్లైనవి. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లిమీదుగా పోవు 44వ జాతీయరహదారి ప్రక్కన భూమికి గిరాకి హెచ్చినది. కాని పత్రముల స్థితి ఈ వేగముతో మారలేదు. గ్రామకంఠములోని పూర్వుల ఇంటికి ఇంటిపన్ను రసీదే తప్ప రిజిస్టరు దస్తావేజు లేనివారు పెక్కురు కలరు. అనుమతిలేని లేఅవుటులలో ప్లాట్లు కొని, 2020లో క్రమబద్ధీకరణకై అర్జీలు పెట్టుకొని, అవి తేలక నిరీక్షించినవారును కలరు. గద్వాలలో నేతగాని ఇల్లు ఇల్లు మాత్రమే కాదు. మగ్గము నిలిచిన కార్ఖానాయును అదియే. ఇట్టి ఇండ్లకు విలువకట్టుట హైదరాబాదులోని అంతస్తుల భవనములో ఒక వాటాకు విలువకట్టినంత సులభము కాదు. పోల్చుటకు అమ్మకములు తక్కువ. దస్తావేజులలో వ్రాసిన ధర ఒకటి, చేతులు మారిన ధర మరియొకటి. మదింపుదారుడు మహబూబ్‌నగరమునుండియో హైదరాబాదునుండియో రావలసినచో దారి ఖర్చులును చేరును. వీనినిబట్టి రుసుము కొంత హెచ్చగుట సహజమే. హెచ్చుటను మేము తప్పుపట్టుటలేదు. ఏల హెచ్చినదో, ఎంత హెచ్చినదో ముందు చెప్పకపోవుటను తప్పుపట్టుచున్నాము.

రుసుము ఎట్లు నిర్ణయమగునో చూతము. ఒక పద్ధతి, ఇంటింటికి ఇంతయని ఏకముగా విధించుట. రెండవది, ఆస్తి విలువనో అప్పు మొత్తమునో బట్టి తరగతులేర్పరచుట. మూడవది, అయిన ఖర్చును ఉన్నదున్నట్లు వసూలు చేయుట. సేవారుసుముల పట్టికను వెబ్‌సైటునందుంచుట బ్యాంకులకు విధియే. అయినను పెక్కు పట్టికలలో మదింపు కెదురుగా అంకెయుండదు. వాస్తవ వ్యయము మేరకు అను మాట యుండును. ఆ మాట చదివిన సామాన్యునకేమి తెలియును? కిరాణా దుకాణములో చక్కెర ధర యెంతయని అడిగినవానికి తూచిన తరువాత చెప్పెదమనుట వంటిదే ఇది.

ఏకరుసుములోని అన్యాయమును ఒక చిన్న లెక్కవలన గ్రహింపవచ్చును. ఊహకు ఒక రుసుము 3,000 రూపాయలనుకొందము. దానిపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. 540 రూపాయలు చేరి 3,540 అగును. 50 లక్షల అప్పు తీసికొనువానికిది నూటికి 7 పైసలు. 5 లక్షలు తీసికొని పెంకుటింటికి కప్పు మార్చుకొనువానికి నూటికి 71 పైసలు. చిన్న అప్పువానిమీద పదిరెట్లు బరువన్నమాట. అంతటితో పోలేదు. ఒక ఋణదాత వద్దన్నచో రెండవవానికడకు, అతడును వద్దన్నచో మూడవవానికడకు పోవలెను. ఒకరికి వ్రాసిన నివేదికను సామాన్యముగా మరియొకరంగీకరింపరు. ఎవరి పట్టికలోని మదింపుదారుడు వారికే. మూడుచోట్ల తిరిగినవాడు 10,620 రూపాయలు వదలుకొని, అప్పులేక ఇంటికి చేరును. ఇంటి విలువ మూడుమారులు కట్టబడినది. ఇల్లు మాత్రము కదలలేదు.

అట్లని ఆస్తి విలువనుబట్టి శాతముగా రుసుము విధించుటయు నిర్దోషము కాదు. విలువ హెచ్చుగా వ్రాసినకొలది తన రుసుము హెచ్చునని తెలిసిన మదింపుదారుని కలము ఎటు మొగ్గునో చెప్పనక్కరలేదు. కావున పనియొక్క కష్టమును, దూరమును, కట్టడపు స్వభావమును బట్టి ముందే ప్రకటించిన తరగతులే మేలని మా యభిప్రాయము. మదింపుదారులు స్వతంత్రులై, ఆ ఆస్తియందు ప్రత్యక్షముగాగాని పరోక్షముగాగాని స్వార్థము లేనివారై యుండవలెనని రిజర్వుబ్యాంకు 2007 జనవరి 4వ తేదీననే బ్యాంకుల నాదేశించినది. కంపెనీల చట్టము క్రింద రిజిస్టరైన మదింపుదారులకు 2017లో ఏర్పడిన ప్రవర్తననియమావళి సైతము, ప్రతిఫలము పారదర్శకముగను, చేసిన పనికి తగినదిగను ఉండవలెనని చెప్పుచున్నది. సూత్రము మన పుస్తకములలో లేకపోలేదు. అది బ్యాంకు కౌంటరువరకు దిగిరాలేదు.

ఇంక ప్రకటన మాట. 2024 ఏప్రిలు 15వ తేదీన రిజర్వుబ్యాంకు ఒక మంచి పని చేసినది. ఆ ఏట అక్టోబరు 1 మొదలుగా మంజూరగు కొత్త చిల్లర ఋణములన్నిటికి ముఖ్యాంశముల పత్రమును, అనగా కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంటును, ఋణగ్రహీతకు తెలిసిన భాషలో ఇయ్యవలెనని శాసించినది. అందు మదింపు రుసుమునకు ప్రత్యేకముగా ఒక వరుస కలదు. అది ఋణదాతకే చెందునదా, ఋణదాతద్వారా ఇతరులకు చేరునదా అని వేరువేరు గళ్లలో చూపవలెను. ఇతరులకై వసూలు చేసినదానిని సైతము వార్షిక శాతములో కలిపి లెక్కింపవలెను. దానికి రసీదును ఇయ్యవలెను. పత్రములో లేని రుసుమును ఋణగ్రహీతయొక్క స్పష్టమైన సమ్మతిలేక ఋణకాలమంతటిలో ఎన్నడును వసూలు చేయరాదు. ఏడు దినములు మొదలు ఆ పైకాలపు అప్పులకు, పత్రమిచ్చిన పిమ్మట ఆలోచించుకొనుటకు కనీసము మూడు పనిదినముల గడువు కలదు. ఈ నియమము వాణిజ్య బ్యాంకులకేకాక గ్రామీణ బ్యాంకులకు, జిల్లా సహకార బ్యాంకులకు, గృహఋణ కంపెనీలకు కూడ వర్తించును. ఇట్టి నియమము మన దేశమున ఏర్పడుట హర్షింపదగినది.

కాని ఇందొక సందు మిగిలియున్నది. మా ముఖ్యవిషయమిదియే. ముఖ్యాంశముల పత్రము ఋణపు ఒప్పందమునకు మునుపు చేతికి వచ్చును. మదింపు రుసుమో, పెక్కుచోట్ల అంతకంటె ముందే, అర్జీతోపాటుగనో మదింపుదారుని పంపుటకు మునుపో, వసూలగును. పత్రములో ఆ అంకెను చదువు దినమునకు సొమ్ము గృహస్థుని చేతిని దాటిపోయియుండును. ఇచ్చిన తరువాత తెలుపుట లెక్కచెప్పుటయగును గాని, ముందు తెలుపుట కానేరదు. మూడు దినములాలోచించి వద్దనుకొన్నను ఆ రుసుము తిరిగిరాదు. ఇంతకంటె కష్టమైనది అప్పు నిరాకరింపబడినవాని స్థితి. వానికి మంజూరు లేదు. మంజూరు లేనందున పత్రమును లేదు. వాడిచ్చిన రుసుము ఏ పట్టికలోను కానరాదు. ఎవనికి ఎక్కువ నష్టము కలిగినదో వానికే తక్కువ కాగితము దక్కుచున్నది.

ఈ సందును పూడ్చుట అసాధ్యమని చెప్పువారికి పరదేశముల ఉదాహరణములు చూపుదుము. అమెరికాలో 2015 అక్టోబరు 3 నుండి అమలులోనున్న నియమము ప్రకారము, అర్జీ చేరిన మూడు పనిదినములలో ఋణదాత రుసుముల అంచనాపత్రమునీయవలెను. ఆ పత్రము చేరి, ముందుకు సాగుటకు తనకిష్టమని గృహస్థుడు తెలుపువరకు, అతని పూర్వఋణచరిత్రను తెప్పించుటకగు ఖర్చు తప్ప మరి ఏ రుసుమును వసూలు చేయరాదు. ఋణదాతయే మదింపుదారుని ఎన్నుకొన్నపుడు, పరిస్థితులు మారినగాని అంచనాలో వ్రాసిన మదింపు రుసుమును పిమ్మట హెచ్చింపరాదు. 2014 జనవరినుండి మదింపు నివేదిక ప్రతిని ఋణము పూర్తియగుటకు కనీసము మూడు పనిదినములు ముందుగా గృహస్థునికి ప్రత్యేక రుసుము లేక ఇయ్యవలెను. అప్పిచ్చువారు అందువలన దివాలా తీయలేదు.

ఇంగ్లండులో 1989లో ప్రభువుల సభ చెప్పిన తీర్పు ఇంకను లోతైనది. ఒక స్త్రీ గృహఋణ సంఘమునకు మదింపు రుసుము చెల్లించినది. మదింపుదారుడు ఇంట పెద్ద మరమ్మతులక్కరలేదని వ్రాసెను. ఆ మాట నమ్మి ఆమె ఇల్లు కొన్నది. ఆధారము తీసివేయబడిన పొగగొట్టము తరువాత కూలి ఇంటిలో పడినది. నేను సంఘమునకు పనిచేసితిని గాని ఆమెకు కాదని మదింపుదారుడు వాదించెను. న్యాయమూర్తులందుల కొప్పుకొనలేదు. రుసుము ఆమె సంచినుండి వచ్చినది. ఆమె ఆ మాటమీద ఆధారపడునని అతడెరుగును. కావున ఆమెయెడల జాగరూకత చూపుట అతని విధియని నిర్ణయించిరి. రుసుము ఎవరిదో బాధ్యత వారియెడల కూడ కలదను ఈ ధర్మము మన దేశమున మదింపు నివేదికలకు ప్రాణము కావలెను.

ఋణదాతల సమాధానములను కూడ వినుట మా ధర్మము. మదింపుదారుడు శ్రమించును, అప్పు మంజూరు కాకపోయినను వాని కూలి వానికియ్యవలెను గదా అని వారందురు. నిజమే. కూలి ఇయ్యవలసినదే. కాని మంజూరు కాదని కాగితములవలననే తేలగల అర్జీకి మదింపుదారుని పంపుట ఎవరి తప్పు? దస్తావేజు లేని గ్రామకంఠపు ఇంటికి అప్పియ్యకూడదని ఆ సంస్థ నియమమైనచో ఆ సంగతి మొదటి దినమే తెలియును. అట్టి ఇంటికి కొలబద్ద పట్టుకొని పోవుటకు కారణము లేదు. మరికొందరు, మేము మదింపు రుసుము తీసికొనము, అంతయు ఉచితమే అని ప్రకటించుచున్నారు. ఉచితమైనది లోకమున అరుదు. మదింపుదారుడు ఉచితముగా రాడు. ఆ ఖర్చు పరిశీలన రుసుములోనో వడ్డీలోనో కూర్చుండును. ఇరువది యేండ్లు చెల్లించు వడ్డీలో స్వల్పమైన హెచ్చు ఒక్కమారు చెల్లించు రుసుమును ఎన్నియో రెట్లు మించును. ఉచితమను మాటవిని వడ్డీ చూడనివాడు కొన్నది వంకాయ, కొసరు గుమ్మడికాయ యని సంతోషించి, గుమ్మడికాయ వెలను వాయిదాలలో చెల్లించుచుండును.

లెక్క చెప్పని అప్పు ఏమిచేయునో ఈ ప్రాంతమువారికి ఒకరు నేర్పనక్కరలేదు. అప్పిచ్చునపుడే కొంత మినహాయించుకొని, పూర్తి మొత్తమునకు నోటు వ్రాయించుకొన్న షావుకార్ల కథలు తాతలనుండి విన్నవే. ఆ బాధ ముదిరియే నిజాము రాజ్యమున 1349 ఫసలీలో వడ్డీవ్యాపారుల చట్టము వచ్చినది. లైసెన్సు కావలెననియు, లెక్కలుంచవలెననియు విధించినది. నేటి బ్యాంకులను నాటి షావుకార్లతో పోల్చుట మా యుద్దేశము కాదు. చట్టబద్ధమైన సంస్థనుండి చట్టముకంటె ఒక మెట్టు పైనున్న మర్యాదను ఆశించుట మాత్రము ప్రజల హక్కు.

కావున మేము కోరునవి ఐదు. మొదటిది, ప్రతి శాఖలోను మదింపు రుసుము అంకెలతో, జి.ఎస్.టి.తో కలిపి, తెలుగులో గోడమీద కనబడవలెను. దూరమునుబట్టి హెచ్చు ఉన్నచో ఆ హెచ్చును వ్రాయవలెను. రెండవది, ఒక్క రూపాయి తీసికొనక మునుపే రుసుమెంత, ఎవరికి చేరును, ఏయే సందర్భములలో తిరిగివచ్చును అను మూడు సంగతులు గల చీటిని ఇచ్చి, గృహస్థుని సంతకము తీసికొనవలెను. మూడవది, దస్తావేజుల పరిశీలన ముందు, మదింపు తరువాత జరుగవలెను. హక్కు నిలువనిచోట మదింపు రుసుము పుట్టనే పుట్టరాదు. నాలుగవది, వాస్తవ వ్యయమని వసూలు చేసినపుడు మదింపుదారుని బిల్లునే చూపవలెను; బిల్లునకు మించినది ఋణదాత ఆదాయము గనుక దానిని ఆ పేరుతోనే చెప్పవలెను. ఐదవది, అప్పు మంజూరైనను కాకున్నను నివేదిక ప్రతి గృహస్థునికి అడుగకయే అందవలెను. విలువ తక్కువగా వ్రాసినచో కారణము తెలిసికొని, పొరపాటున్న చూపుటకు అతనికి అవకాశముండవలెను. ఈ ఐదింటిలో ఏదియు ఋణదాతకు పెద్ద ఖర్చు తెచ్చునది కాదు. మొదటిదానిని రిజర్వుబ్యాంకు ఆజ్ఞకై నిరీక్షింపక రేపే చేయవచ్చును.

పాఠకులకును ఒక మాట. మన భూస్వాములు ఎకరము చేను కౌలుకిచ్చునపుడు నాలుగుమారులు షరతులు చదివించుకొందురు. బ్యాంకు కాగితములపై మాత్రము వ్రేలు చూపినచోటనెల్ల సంతకము చేయుదురు. ఈ భేదమేల? రుసుము అడిగినపుడు వ్రాతమూలకముగా చెప్పుమనుడు. రసీదు లేక సొమ్మీయకుడు. ముఖ్యాంశముల పత్రము తెలుగులో కావలెనని అడుగుడు. అది దయ కాదు, మీ హక్కు. అందులేని రుసుమును తరువాత అడిగినచో నిరాకరింపుడు. బ్యాంకు మీ వ్రాతపూర్వకమైన ఫిర్యాదునకు ముప్పది దినములలో తగిన సమాధానమీయనిచో రిజర్వుబ్యాంకు అంబుడ్స్‌మనుకు వ్రాయుడు, అందులకు ఖర్చులేదు. గృహఋణ కంపెనీయైనచో జాతీయ గృహబ్యాంకునకు, అనగా నేషనల్ హౌసింగ్ బ్యాంకునకు, ఫిర్యాదు చేయవచ్చును. చదువు వచ్చిన మీరే అడుగనిచో, వ్రేలిముద్ర వేయు కూలివాడును, రాట్నము ముందు కూర్చున్న నేతగాని భార్యయు ఎట్లడుగగలరు?

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోను, వనపర్తి నాగర్‌కర్నూలు సీమలలోను నేడు ఇండ్లు లేచుచున్నవి. అప్పు చేసియైనను తన కప్పు క్రింద పిల్లలను పెట్టుకొనవలెనను కోరిక గౌరవింపదగినది. ఆ కోరికకు విలువకట్టు అధికారము ఋణదాతకు లేదు; ఇంటికి విలువకట్టు అధికారమే కలదు. ఆ పనికి కూలి తీసికొనుడు, తగినంత తీసికొనుడు. కాని ఎంతయో ముందు చెప్పి తీసికొనుడు.